ఆ ఇళ్ళ పేర్లు రాయండి

ప్రతి వేసవిలో ఏదో ఒక దేశం నుంచి బాస్కెట్‌బాల్ ఆడే పిల్లలు మా ఊరికి వస్తారు. నేనుండేది ఇండియానాపోలిస్‌కు ఉత్తరాన ఉన్న శివారు ఊళ్ళలో ఒకదాంట్లో. వచ్చిన పిల్లలు ఇక్కడి పిల్లల ఇళ్ళల్లోనే ఉంటారు. మరుసటి వేసవికి ఇక్కడి వాళ్ళు అక్కడికి వెళ్ళి వాళ్ళ ఇళ్ళల్లో ఉంటారు. అంతా అయ్యాక క్లబ్ వాళ్ళు రంగుల్లో ఒక చిన్న పుస్తకం వేస్తారు. అందులో స్పాన్సర్ల లోగోలుంటాయి, కోచ్‌ల ఫొటోలుంటాయి, జిమ్ ఇచ్చిన స్కూలుకీ నీళ్ళ సీసాలిచ్చిన సూపర్‌మార్కెట్‌కీ కృతజ్ఞతలుంటాయి. బస్సు కంపెనీ పేరు కూడా ఉంటుంది. ముక్కూ మొహం తెలియని పిల్లల్ని రెండు వారాలు ఇంట్లో పెట్టుకుని, వండిపెట్టి, చెమట కంపు కొట్టే జెర్సీలుతికి, పొద్దున ఆరింటికి జిమ్ముకి దింపి రాత్రి పదింటికి మళ్ళీ తెచ్చుకున్న కుటుంబాల పేర్లు మాత్రం ఉండవు. చివరి పేజీలో అడుగున ఒక్క లైను ఉంటుంది: హోస్ట్ ఫ్యామిలీలకు ధన్యవాదాలు అని.

ఆ ఒక్క లైను చూసినప్పుడల్లా నాకు కడుపు రగిలిపోతుంది. క్లబ్‌లో ఇళ్ళు వెతికే పని నాది కాబట్టి ఆ లైను వెనకాల ఎవరున్నారో ఒక్కో పేరూ నాకు తెలుసు.

వాళ్ళు చేసే పని ఎలాంటిదో బయటివాళ్ళకు తెలీదు. తెలుసుకోవాలని ఎవరూ అడగరు కూడా. స్కూల్ బస్సు నడిపి రిటైరైన ఒకావిడ ఉంది, డెబ్బై దాటాయి, భర్త పోయాడు, పిల్లలు వేరే రాష్ట్రాల్లో ఉన్నారు. ఆవిడింటికి జర్మనీ నుంచి ఇద్దరు కుర్రాళ్ళను పంపాం. వాళ్ళలో ఒకడు ఆరడుగుల ఏడంగుళాల పొడుగు. మంచం మీద మూలగా పడుకున్నా కాళ్ళు బయటికే. మొదటి రాత్రి గడిచేసరికి ఆవిడ గరాజ్‌లోంచి ఒక చెక్క బల్ల లాక్కొచ్చి మంచం చివర వేసి, మంచం ఎత్తుకు సరిపోయేదాకా బొంతలు మడతపెట్టి పేర్చింది. టీములో ఒక్కొక్కడికి రెండే జెర్సీలు, ఒకటి తెల్లది, ఒకటి నల్లది. రోజూ ఆటే. అంటే రోజూ రాత్రి ఉతకాలి. డ్రయ్యర్‌లో వేస్తే ఆ వేడికి వీపు మీద అతికించిన నంబరు పగిలి పొట్టులా లేస్తుంది. ఆవిడ సంగతి కనిపెట్టి, ఉతికిన జెర్సీలు బాత్‌రూమ్‌లో షవర్ కడ్డీకి ఆరేసి కింద ఫ్యాను పెట్టేది. పొద్దున ఐదున్నరకి అవి ఆరి ఉన్నాయో లేదో చేత్తో తడిమి చూసి, ఆ తర్వాతే పిల్లల్ని లేపేది. ఆట గెలిచినప్పుడు పేపర్లో పడ్డ ఫొటోలో ఆ జెర్సీలున్నాయి.

ఈ పిల్లలు వచ్చేది ఆట కోసమే కదా, ఎక్కడ పడుకుంటే ఏం అనేవాళ్ళున్నారు. ఆట సంగతి చూద్దాం. ఇండియానాలో ఆటకు కరువు లేదు. వచ్చిన ప్రతి టీమునూ బట్లర్ యూనివర్సిటీలోని హింకిల్ ఫీల్డ్‌హౌస్‌కు తీసుకెళ్తారు. 1928లో కట్టిన హాలు అది. 1954లో మిలన్ అనే పల్లెటూరి హైస్కూలు, నూట అరవై చిల్లర మంది పిల్లలున్న బడి, మన్సీ సెంట్రల్ లాంటి పెద్ద స్కూలును 32–30తో ఓడించి రాష్ట్ర చాంపియన్ అయింది అక్కడే. మిలన్ కుర్రాడు బాబీ ప్లంప్ చివరి క్షణంలో వేసిన ఆ బుట్ట గురించి ఈ రాష్ట్రంలో ముసలివాళ్ళు ఇప్పటికీ నిన్న మొన్న చూసినట్టు చెప్తారు. 1986లో వచ్చిన హూజియర్స్ సినిమాకు ఆధారం ఆ టీమే. పిల్లలు ఆ నేల మీద బంతి కొట్టి ఫొటోలు దిగుతారు. మంచిదే, నాకూ ఇష్టమే. కానీ ఆ ఫొటో ఏ టూరిస్టుకైనా దొరుకుతుంది. ఆటలో మెళకువలంటారా, 2023లో మనీలాలో ప్రపంచ కప్ గెలిచింది జర్మనీ. సెమీఫైనల్లో అమెరికాను 113–111తో ఓడించి, ఫైనల్లో సెర్బియాను 83–77తో కొట్టారు. ఆ దేశపు కుర్రాడు ఆట నేర్చుకోవడానికి మా దాకా రావాల్సిన పని లేదు.

వాడికి మా దగ్గర దొరికేది ఇంట్లో దొరుకుతుంది. జర్మనీలో పిల్లలు ఊరి క్లబ్బుకు ఆడతారు, బడికి ఆటతో పెద్దగా సంబంధం ఉండదు. ఇక్కడ ఊరంతా శుక్రవారం రాత్రి హైస్కూలు జిమ్ములో ఎందుకు కూర్చుంటుందో వాడికి కోచ్ చెప్తే అర్థం కాదు. ఆ స్కూల్లోనే ఆడిన తండ్రి, అదే స్కూల్లో చీర్‌లీడర్‌గా ఎగిరిన తల్లి, అదే బడి బ్యాండులో ట్రంపెట్ ఊదే చెల్లెలు ఒకే బల్ల చుట్టూ కూర్చుని వాదించుకుంటుంటే అర్థమవుతుంది. సాయంత్రం ఐదున్నరకే వేడి భోజనం ఏమిటని వాడు, రాత్రి భోజనమంటే చల్లటి బ్రెడ్డూ చీజూ ఏమిటని వీళ్ళు, రెండు రోజులు ఒకరినొకరు వింతగా చూసుకుంటారు. మూడో రోజు ఆ ఇంటి తల్లి బ్రెడ్డు కొనుక్కొస్తుంది. నాలుగో రోజు వాడు గిన్నెలు కడుగుతాడు. ఈ మార్పు ఏ స్కోర్‌బోర్డు మీదా పడదు. కానీ ఈ కార్యక్రమానికి ఊళ్ళో చందాలడిగేటప్పుడు అందరం చెప్పేది మాత్రం దీని గురించే.

ఇళ్ళల్లో పెట్టుకునే ఈ పద్ధతి ఎవరో సరదాకు మొదలుపెట్టింది కాదు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్సులో గాయపడ్డ సైనికుల్ని అంబులెన్సుల్లో మోసిన అమెరికన్ వలంటీర్లు కట్టిన సంస్థ అమెరికన్ ఫీల్డ్ సర్వీస్. రెండు యుద్ధాలు కళ్ళారా చూశాక, 1947లో వాళ్ళే హైస్కూలు పిల్లల్ని దేశాలు మార్చి ఇళ్ళల్లో ఉంచడం మొదలుపెట్టారు. 1951లో మా పక్క రాష్ట్రం మిషిగన్‌కు 75 మంది జర్మన్ పిల్లలు వచ్చారు. అప్పటికి యుద్ధం ముగిసి ఆరేళ్ళు. జర్మన్ల చేతిలో కొడుకుల్ని పోగొట్టుకున్న తల్లులు ఇంకా ఆ ఊళ్ళల్లో ఉన్నారు. అలాంటి ఊళ్ళు ఆ పిల్లలకు తలుపులు తీశాయి. యూత్ ఫర్ అండర్‌స్టాండింగ్ అనే సంస్థ పుట్టింది అక్కడే. 1956లో అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ వైట్‌హౌస్‌లో సమావేశం పెట్టి పీపుల్ టు పీపుల్ కార్యక్రమం మొదలుపెట్టాడు. ఐరోపాలో సైన్యాలను నడిపించిన మనిషి, మనుషులు మనుషుల్ని కలవకుండా శాంతి రాదని నమ్మాడు. రెండు దేశాల ఊళ్ళు జతకట్టే సిస్టర్ సిటీల ఏర్పాటుకు మూలం ఆ సమావేశమే.

బాస్కెట్‌బాల్ వాళ్ళకు అర్థమయ్యే లెక్కలోనే ఇంకొకటి చెప్తాను. డెట్లెఫ్ ష్రెంఫ్ అని లెవర్కూజెన్ కుర్రాడు. హైస్కూలు చివరి ఏడాది ఎక్స్‌చేంజ్ విద్యార్థిగా వాషింగ్టన్ రాష్ట్రంలోని సెంట్రేలియా అనే చిన్న ఊరికి వచ్చాడు. 1981లో ఆ ఊరి స్కూలు రాష్ట్ర చాంపియన్ అయింది. ఊవె బ్లాబ్ అని మ్యూనిక్ కుర్రాడు అలాగే ఇల్లినాయ్‌లోని ఎఫింగ్‌హామ్‌కు వచ్చి, తర్వాత మా ఇండియానా యూనివర్సిటీకి ఆడాడు. 1985 ఎన్‌బీఏ డ్రాఫ్టులో మొదటి రౌండులోనే ఇద్దర్నీ డాలస్ జట్టు తీసుకుంది. ష్రెంఫ్ ఇక్కడి పేసర్స్ జట్టులో ఉండగా 1991లో, 1992లో వరసగా, బెంచీ మీంచి వచ్చి ఆడేవాళ్ళలో మేటికిచ్చే సిక్స్త్ మ్యాన్ అవార్డు తెచ్చుకున్నాడు, 1993లో ఎన్‌బీఏ ఆల్‌స్టార్ ఆట ఆడాడు. ఐరోపాలో పుట్టి పెరిగిన ఆటగాళ్ళలో ఆ మెట్టెక్కిన మొదటివాడు ఆయనే. పాయింట్లు, రీబౌండ్లు, అసిస్టులు, ఆడిన నిమిషాలు అన్నీ రికార్డు పుస్తకాల్లో ఉన్నాయి. పదిహేడేళ్ళ వయసులో భాష సరిగా రాని ఊళ్ళో, ఆట బాగా పోయిన రోజు రాత్రి వాడి గది తలుపు ఎవరు తట్టారో రాసే గడి ఏ రికార్డు పుస్తకంలోనూ లేదు.

ఈ దేశపు పన్నుల చట్టంలో ఒక చిన్న నిబంధన ఉంది. బడిలో చదివే విదేశీ విద్యార్థిని గుర్తింపు పొందిన సంస్థ ద్వారా ఇంట్లో పెట్టుకుంటే నెలకు 50 డాలర్ల దాకా ఖర్చును దానం కింద చూపించుకోవచ్చు. నెలకు 50 డాలర్లు! పెరిగే వయసులో ఉన్న బాస్కెట్‌బాల్ ఆటగాడు ఆ డబ్బుకు వచ్చే పాలూ గుడ్లూ మూడు రోజుల్లో ఖాళీ చేస్తాడు. అది కూడా ఇక్కడి బడిలో చేరి చదివే పిల్లలకే. రెండు వారాలు ఆడి వెళ్ళిపోయే టీము పిల్లలకు అదీ వర్తించదు. నాకు డబ్బు గురించి గొడవ లేదు. హోస్ట్ ఫ్యామిలీలు డబ్బు తీసుకోకూడదన్న పద్ధతి మంచిదని గట్టిగా నమ్ముతాను. డబ్బు చేతులు మారిన రోజున అది లాడ్జి అవుతుంది. కానీ డబ్బు ఇవ్వని చోట మర్యాదైనా ఇవ్వాలి. రెండూ ఇవ్వకుండా ఎన్నాళ్ళు వాడుకుంటాం?

వాడుకోవడం అన్న మాట కావాలనే రాస్తున్నాను. వీడ్కోలు విందు రాత్రి నేను చూసింది చెప్తాను. వేదిక మీద స్పాన్సర్ కంపెనీల వాళ్ళకు జ్ఞాపికలిచ్చారు. కోచ్‌లిద్దరూ జెర్సీలు మార్చుకున్నారు. ఒక స్థానిక నాయకుడు వచ్చి ప్రపంచ మైత్రి గురించి మాట్లాడి, పిల్లల పేర్లు తప్పుగా పలికి, వెళ్ళిపోయాడు. హోస్ట్ ఫ్యామిలీలను వెనక వరసల్లో కూర్చోబెట్టారు. ఒకసారి లేచి నిలబడమన్నారు, చప్పట్లు కొట్టారు, కూర్చోమన్నారు. విందు అయ్యాక ఆ వెనక వరసల వాళ్ళే మడత కుర్చీలన్నీ ఎత్తి గోడకు చేర్చారు. ఎవరూ అడగలేదు, అలవాటు కొద్దీ చేశారు. మర్నాడు తెల్లవారుజామున మూడింటికి ఎయిర్‌పోర్టుకు కారు తోలింది కూడా వాళ్ళే. స్పాన్సర్లు ఆ వేళకు లేవరు, లేవాలని ఎవరూ అనుకోరు.

ఇప్పుడు ఈ ఇళ్ళనే తీసేద్దామంటున్నారు. నా బాధంతా ఇక్కడుంది.

కారణం ఒకటి వ్యాపారం. అమెరికాలో పిల్లల టోర్నమెంట్లు పెద్ద వ్యాపారమయ్యాయి. చాలా టోర్నమెంట్లలో స్టే టు ప్లే అని ఒక షరతు పెడతారు. ఫలానా దూరం దాటి వచ్చిన టీము, నిర్వాహకులు చెప్పిన బుకింగ్ కంపెనీ ద్వారా, వాళ్ళు చెప్పిన హోటల్లోనే గదులు తీసుకోవాలి. గదికింత అని అద్దెలో వాటా నిర్వాహకులకు తిరిగి ముడుతుంది. హోటల్ తీసుకోకపోతే ఆటకు రానివ్వరు. విదేశీ టీము అంటే అన్నిటికంటే దూరం నుంచి వచ్చింది కాబట్టి, ఆ షరతు ముందు తగిలేది వాళ్ళకే. అట్లాంటిక్ దాటి వచ్చిన పదిహేనేళ్ళ పిల్లలు హైవే పక్కన హోటల్లో గదికి నలుగురు చొప్పున పడుకుని, కాగితం ప్లేట్లలో అల్పాహారం తిని, వాళ్ళ దేశపు పిల్లల మొహాలే చూసుకుంటూ వారం గడిపి వెళ్ళిపోతారు. నేను చూసిన ఒక టీములో పిల్లలు ఇక్కడి ఒక్క ఇంటి గడప కూడా తొక్కకుండానే విమానమెక్కారు. వాళ్ళను పంపడానికి తల్లిదండ్రులు అప్పులు చేసి ఉంటారు.

రెండోది పిల్లల భద్రత గురించిన భయం. దీన్ని తేలిగ్గా తీసేయను, తీసేయకూడదు. జిమ్నాస్టిక్స్ జాతీయ సంఘం ఉన్నది మా ఇండియానాపోలిస్‌లోనే. ఆ సంఘం డాక్టరు లారీ నాసర్ ఏళ్ళ తరబడి ఆడపిల్లల మీద చేసిన ఘోరాలను 2016లో బయటపెట్టింది మా ఊరి పత్రిక ఇండియానాపోలిస్ స్టార్. ఆ తర్వాత 2018లో సేఫ్ స్పోర్ట్ చట్టం వచ్చింది. పిల్లల ఆటల్లో పనిచేసే పెద్దలు ఏ అనుమానం వచ్చినా 24 గంటల్లో చెప్పి తీరాలి, ఒక పెద్దా ఒక పిల్లా ఒంటరిగా ఉండే సందర్భాలు తగ్గించాలి. రావాల్సిన చట్టం, ఆలస్యంగా వచ్చింది. కానీ దాన్ని చూపించి ఇళ్ళ మీద అనుమానం వేయడం ఎంత అన్యాయమో ఒక్క నిమిషం ఆలోచించండి. ఆ దుర్మార్గుడు తన క్లినిక్‌లో చేశాడు, శిక్షణ శిబిరాల్లో చేశాడు, పోటీలకు వెళ్ళిన చోట హోటల్ గదుల్లో చేశాడు, తన ఇంట్లో కూడా చేశాడు. పిల్లల్ని కాపాడేది నాలుగు గోడల రకం కాదు, కనిపెట్టుకుని ఉండే పెద్దవాళ్ళు.

ఏడాదంతా ఉండే ఎక్స్‌చేంజ్ విద్యార్థుల విషయంలో అమెరికా ప్రభుత్వ నియమాలు స్పష్టంగా ఉన్నాయి. ఇంట్లో 18 నిండిన ప్రతి ఒక్కరి నేర చరిత్ర తనిఖీ చేయాలి, ఇంటికి స్వయంగా వెళ్ళి గదులు చూడాలి, తెలిసినవాళ్ళ దగ్గర విచారించాలి, నెలనెలా విద్యార్థితో మాట్లాడాలి. మేము రెండు వారాల టీములకు కూడా అదే దారి పట్టుకున్నాం. ఒక ఇంటికి ఇద్దరు పిల్లలకు తక్కువ పంపం. ప్రతి పిల్లకూ రాత్రి ఏ వేళకైనా ఫోన్ చేయడానికి హోస్ట్ కాని ఇంకొక మనిషి నంబరు ఉంటుంది. ఈ తనిఖీలన్నిటికీ హోస్ట్ కుటుంబాలు తలొంచి ఒప్పుకుంటాయి. తమ బెడ్‌రూమ్ తలుపులు తెరిచి చూపిస్తాయి, వేలిముద్రలిస్తాయి, వాళ్ళ పొరుగింట్లో వాళ్ళ గురించి మేం వాకబు చేస్తే ఊరుకుంటాయి. ఉపకారం చేస్తామని ముందుకొచ్చి ముందుగా అనుమానితుల్లా నిలబడి, అయినా సరే అని మంచం మీద కొత్త దుప్పట్లు పరుస్తారు. ఇలాంటి వాళ్ళకు మనమిచ్చేది చివరి పేజీలో ఒక్క లైనూ, వచ్చే ఏడు నుంచి హోటలే నయం అన్న ఈమెయిలూ!

మన తెలుగువాళ్ళ సంగతికి వస్తాను. ఈ ప్రాంతంలో మన కుటుంబాలు చాలానే ఉన్నాయి. ఇళ్ళు పెద్దవి. దాదాపు ప్రతి ఇంట్లో గెస్ట్ రూమ్ ఉంటుంది, ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చిన ఆరు నెలలు తప్ప మిగతా రోజుల్లో మంచం మీద సూట్‌కేసులుంటాయి. మన పిల్లలు ఇక్కడి స్కూలు టీముల్లో ఆడుతున్నారు కూడా. నేను ఫోన్ చేస్తాను. "అక్కా, మాది వెజ్ కదా, వాళ్ళు మన తిండి తింటారా?" "ఆడపిల్లున్న ఇల్లు కదండీ, మగపిల్లల్ని ఎలా పెట్టుకుంటాం?" "మాకింకా గ్రీన్ కార్డు రాలేదు, రేపు ఏదైనా అయితే మా మీదికి వస్తుందేమో." ఏ భయమూ ఉత్తుత్తిది కాదు, నాకు తెలుసు. ఆడపిల్లలున్న ఇంటికి ఆడపిల్లల్నే పంపుతాం. హోస్ట్ చేయడానికి సిటిజన్ కానక్కర్లేదు. ఇక తిండి సంగతి, ఒక ఇంట్లో ఏం జరిగిందో చెప్తాను.

తెనాలి వాళ్ళు. కూతురి దగ్గరికి ఆరు నెలలకని వచ్చిన పెద్దావిడ ఇంట్లో ఉండగా ఇద్దరు జర్మన్ కుర్రాళ్ళను తీసుకున్నారు. రెండో రోజు ఆటలో ఒకడి చీలమండ మడతపడింది. కోచ్ ఐసు పెట్టమన్నాడు. ఇంటికి రాగానే పెద్దావిడ ఆ వాపు చూసి గుండెలు బాదుకుంది. "వాపు మీద ఎవరైనా ఐసు పెడతారా? ఉప్పు మూట వేయించి కాపడం పెట్టాలి గానీ." "అమ్మా, నువ్వుండు, రెండు రోజులు ఐసే పెట్టాలన్నారు." "సరేనమ్మా, మీ ఇష్టం, నాకేం తెలుసు" అని అలిగి లోపలికి వెళ్ళి, పది నిమిషాలకు టవల్ పట్టుకుని బయటికొచ్చింది. ఐసు సంచీకి చుట్టిన టవల్ తడిసినప్పుడల్లా పొడిది మారుస్తూ, వాడి కాలు దిండ్ల మీద ఎత్తి పెట్టి, అర్ధరాత్రి దాకా సోఫా పక్కనే కూర్చుంది. ఆవిడకు ఇంగ్లీషు రాదు, వాడికి తెలుగు రాదు. తర్వాత మూడు రోజులు వాడు ఆడలేక ఇంట్లోనే ఉన్నాడు. ఊరికే కూర్చుంటే దిగులు పడతాడని ఆవిడ వాడి ముందు పళ్ళెం పెట్టి చిక్కుడుకాయలకు ఈనెలు తీయడం నేర్పింది. వాడు శ్రద్ధగా తీశాడు, ఆ కూర తిన్నాడు, పెరుగన్నంలో మామిడికాయ ముక్క నంజుకోవడం దాకా వచ్చాడు. మూడో రోజున ఆవిడ తన మాటే నెగ్గించుకుని కాపడం కూడా పెట్టింది, అప్పటికి వాపు తగ్గింది కాబట్టి కోచ్ కూడా కాదనలేదు.

మరుసటి వేసవిలో ఆ ఇంటబ్బాయి కొలోన్ వెళ్ళినప్పుడు ఆ కుర్రాడి ఇంట్లోనే ఉన్నాడు. కొలోన్ మా ఇండియానాపోలిస్‌కు 1988 నుంచి సిస్టర్ సిటీ. మొదటి రాత్రి ఆ జర్మన్ తల్లి వీడి ముందు అన్నం, పప్పు పెట్టింది. కందిపప్పు దొరక్క, అక్కడ ఏ దుకాణంలోనైనా దొరికే మైసూరుపప్పుతో, వీడియోలు చూసి, జీలకర్ర పోపు వేసి చేసింది. తన కొడుకును ఎవరో పెద్దావిడ రాత్రి కూర్చుని చూసుకుందన్న మాట ఆవిడ మనసులో ఏడాదంతా ఉంది. తెనాలి వెళ్ళిపోయిన పెద్దావిడకు ఆ రాత్రి వీడియో కాల్ చేయించి చూపించారు. ఈ రెండిళ్ళ మధ్య నడిచింది క్లబ్ పుస్తకంలో ఏ పేజీలో ఉంది? ఆ వేసవి ఆటల స్కోర్లు మాత్రం బాక్సు కట్టి వేశారు. అవి నాతో సహా ఎవరికీ గుర్తులేవు.

మనకు ఇది కొత్త కూడా కాదు. వారాలు చేసుకుని చదువుకున్న తరం మన తాతలది. సోమవారం ఒకరింట్లో, మంగళవారం ఒకరింట్లో పేద పిల్లవాడు అన్నం తిని బడికి వెళ్ళేవాడు. అలా చదువుకుని పైకొచ్చిన పెద్దలు ముసలితనంలో కూడా ఏ వారం ఎవరింట్లో తిన్నారో, ఏ ఇల్లాలు కొసరి వడ్డించిందో పేరుపేరునా చెప్పేవారు. తిన్నవాళ్ళు ఎప్పుడూ మర్చిపోలేదు. మరిచిపోయేది మధ్యలో పెత్తనం చేసే మాలాంటి సంఘాలు.

హైదరాబాద్ 2010 నుంచి ఇండియానాపోలిస్‌కు సిస్టర్ సిటీ అన్న సంగతి మనలో ఎంతమందికి తెలుసు? 2019 అక్టోబరులో పేసర్స్ ముంబై వెళ్ళి శాక్రమెంటో కింగ్స్‌తో రెండు ఆటలు ఆడి వచ్చారు, భారతదేశంలో జరిగిన మొదటి ఎన్‌బీఏ ఆటలవి. మొదటి ఆటకు స్కూలు పిల్లల్ని వేలల్లో కూర్చోబెట్టారు. అంత పెద్ద హంగామాకు డబ్బు దొరికింది, విమానాలు దొరికాయి. సికింద్రాబాద్, నారాయణగూడ వైఎంసీఏల్లో సాయంత్రం పూట బంతి కొట్టే పిల్లల్లోంచి పన్నెండు మంది ఆడపిల్లలు ఇక్కడికొచ్చి రెండు వారాలు ఉండాలంటే కావాల్సింది దానికంటే ఎంతో చిన్నది. ఈ ఆట 1891లో పుట్టిందే మసాచుసెట్స్‌లో స్ప్రింగ్‌ఫీల్డ్ వైఎంసీఏ శిక్షణ పాఠశాలలో, జేమ్స్ నైస్మిత్ జిమ్ బాల్కనీ రెయిలింగ్‌కు కొట్టిన పీచ్ పళ్ళ బుట్టల్లో. స్ప్రింగ్‌ఫీల్డ్‌లో చదువుకున్న హ్యారీ క్రో బక్ 1920లో మద్రాసులో వ్యాయామ కళాశాల పెట్టి, అక్కడే జీవితమంతా ఉండిపోయి, దక్షిణాదిలో ఎందరో డ్రిల్లు మాస్టార్లను తయారుచేశాడు. బంతి అటు వెళ్ళి నూరేళ్ళు దాటింది. ఇప్పుడు పిల్లలు ఇటు రావాలి. వీసాలకు తిరగాలి, టికెట్లకు చందాలు పోగుచేయాలి, అవన్నీ చేసేవాళ్ళున్నారు. పన్నెండు మందికి ఆరు ఇళ్ళు కావాలి. ఆ ఆరు నేను ఇప్పటిదాకా పూర్తి చేయలేకపోయాను.

క్లబ్బుల వాళ్ళను నేను అడిగేది పెద్దదేమీ కాదు. టీమును మొదటి ఆటకు ముందు పేరు పేరునా పిలిచేటప్పుడు, ఒక్కొక్కరి పక్కన వాళ్ళను ఉంచుకున్న ఇంటి తల్లినీ తండ్రినీ కోర్టు మీదికి పిలవండి, వాళ్ళ పేర్లు కూడా మైకులో చెప్పండి. పుస్తకంలో స్పాన్సర్ల కంటే ముందు పేజీలో వాళ్ళ పేర్లు వేయండి. విందు రాత్రి ముందు వరసలు వాళ్ళకివ్వండి, కుర్చీలు మనం ఎత్తుదాం. టోర్నమెంట్ నిర్వాహకులు విదేశాల నుంచి వచ్చి ఇళ్ళల్లో ఉండే టీములకు స్టే టు ప్లే షరతు ఎత్తేయాలి. పన్నెండు మంది పిల్లల గది అద్దెల్లో వాటా పోయినంత మాత్రాన ఏ టోర్నమెంటూ మూతపడదు.

మన తెలుగు సంఘాల పెద్దలకు కూడా ఒక మాట. మహాసభలకు సినిమా తారలను పిలిపించి శాలువాలు కప్పుతారు. ఒక్క శాలువా ఆ తెనాలి ఇంటి కూతురికి కప్పండి. చూసినవాళ్ళలో ఇద్దరు నాకు ఫోన్ చేసినా చాలు, ఆరిళ్ళలో రెండు దొరికినట్టే. గెస్ట్ రూమ్ మంచం మీది సూట్‌కేసులు దించడానికి మీకు ఒక సాయంత్రం పడుతుంది. తనిఖీ కాగితాలకు మూడు నాలుగు వారాలు పడుతుంది, కాబట్టి జనవరిలోపు చెప్పండి. వెజ్ అయినా పర్వాలేదు. ఇంట్లో పెద్దవాళ్ళుంటే ఇంకా మంచిది.